చెల్లుచీటీ

ప్రతి ఇంట్లోనూ రెండు పద్దు పుస్తకాలు వుంటాయి. మొదటిది పాలవాడిది, ఇస్త్రీవాడిది, కిరాణాకొట్టుది. ఈ రోజుల్లో అది కొంత గోడకు వేలాడే క్యాలెండరు మీదా, కొంత సెల్‌ఫోనులోనూ వుంటోంది. నెల మొదట్లో చేతిలో డబ్బు పడగానే ఆ లెక్క కాస్తా తీర్చేసి ఊపిరి పీల్చుకుంటాం.

రెండో పుస్తకం కాగితం మీద వుండదు. అయినా దానికి చెదలు పట్టవు, అక్షరం చెరగదు. మరదలి పెళ్ళిలో విడిదింటి దగ్గర మనవాళ్ళకు కాళ్ళు కడుక్కోవడానికి చెంబెడు నీళ్ళిచ్చే దిక్కు లేకపోవడం, నలుగురిలో తోడికోడలు విసిరిన మాట, నాన్న పోయినప్పుడు పదో రోజుకు గాని రాని అన్నయ్య, పంపకాల్లో గట్టు జరిపిన బాబాయి - అన్నీ తేదీలతో సహా అందులో వుంటాయి. విచిత్రమేమంటే, ఆ పుస్తకంలో మనకు రావలసిన బాకీలే గాని మనం తీర్చవలసినవి ఒక్కటీ కనబడవు. పైగా చక్రవడ్డీ. పాతికేళ్ళనాటి చెంబెడు నీళ్ళ బాకీ ఇవాళ రెండు కుటుంబాలు పలకరించుకోలేనంత పెరిగి కూచుంటుంది.

ఈ రెండో పుస్తకాన్ని ఏం చేయాలన్నది పెద్ద ప్రశ్న. అన్ని మతాలూ దీనికి జవాబు చెప్పాయి. మన భాషలో క్షమ అంటే భూమి అని కూడా అర్థం వుంది గనుక, క్షమ అనగానే మనకు ఓర్పు గుర్తుకొస్తుంది; ఎంత తవ్వినా, ఎంత దున్నినా పలకని నేలతల్లి గుర్తుకొస్తుంది. క్రైస్తవ గ్రంథాలలో మాత్రం ఈ విషయం తరచు అప్పుల భాషలో వస్తుంది. క్రైస్తవుల ఇళ్ళలో రోజూ చెప్పుకునే పరలోక ప్రార్థన మత్తయి సువార్తలో వుంది. అందులో క్షమించమని అడిగే చోట వున్నది పాపం అనే మాట కాదు, ఋణం అనే మాట. యేసు మాట్లాడిన అరమాయిక్ భాషలో 'హోబా' అనే ఒక్క పదానికే అప్పు అనీ, పాపం అనీ రెండర్థాలున్నాయి. కాబట్టి ఆయన చెప్పిన కథలు పద్దు పుస్తకం తెలిసిన మనలాంటి సంసారులకు చప్పున అర్థమవుతాయి.

లూకా సువార్త ఏడో అధ్యాయంలో ఒక విందు వుంది. సీమోను అనే పరిసయ్యుడు యేసును భోజనానికి పిలిచాడు. పరిసయ్యులంటే ఆచారం, నియమం తప్పకుండా నడిచే వర్గం, ఊళ్ళో పెద్దమనుషులు. ఆ కాలంలో విందులలో కాళ్ళు వెనక్కు చాచి, ఒక పక్కకు ఒరిగి భోంచేసేవారు. ఇంతలో ఊరంతా చెడిందని చెప్పుకునే ఒక స్త్రీ లోపలికి వచ్చింది. చేతిలో చలువరాతి బుడ్డి, అందులో అత్తరు. ఆయన పాదాల దగ్గర నిలబడి ఏడ్చింది. ఆ కన్నీళ్ళతో తడిసిన పాదాలను తలవెంట్రుకలతో తుడిచి, ముద్దుపెట్టుకుని, అత్తరు పూసింది. సీమోనుకు ఇది ఏమాత్రం నచ్చలేదు. ఈయన నిజంగా ప్రవక్త అయితే ఆ మనిషి ఎలాంటిదో తెలియదా అని లోలోపల అనుకున్నాడు.

అప్పుడు యేసు ఆయనకొక చిన్న లెక్క చెప్పాడు. ఒక షావుకారుకు ఇద్దరు బాకీదారులు. ఒకడిది 500 దేనారాల అప్పు, రెండోవాడిది 50. దేనారం అంటే ఆనాడు కూలివాడికి ఒక రోజు కూలి. అంటే మొదటివాడిది ఇంచుమించు ఇరవై నెలల సంపాదన, రెండోవాడిది రెండు నెలలది. ఇద్దరి దగ్గరా తీర్చడానికి ఏమీ లేదు. షావుకారు ఇద్దరికీ అప్పు వదిలేశాడు. ఎవడు ఎక్కువ ప్రేమిస్తాడని అడిగాడు. ఎక్కువ వదిలించుకున్నవాడేనని అనుకుంటాను అన్నాడు సీమోను. ఆ 'అనుకుంటాను'లో ఎంత పిసినారితనం వుందో చూశారా!

అటు తరువాత లెక్క సీమోను మీదికే తిరిగింది. ఇంటికి వచ్చినవాడికి ఆయన కాళ్ళకు నీళ్ళివ్వలేదు, ఆమె కన్నీళ్ళిచ్చింది. ఆయన ముద్దుపెట్టి ఆహ్వానించలేదు. ఆమె పాదాలను ముద్దాడటం మానలేదు. ఆయన తలకు నూనె రాయలేదు. ఆమె పాదాలకు అత్తరు రాసింది. అతిథికి కాళ్ళకు నీళ్ళివ్వడమన్నది మనకూ తెలిసిన మర్యాదే. సీమోను చేసింది పెద్ద నేరమేమీ కాదు. తనకు ఎవరూ ఏదీ వదిలిపెట్టవలసిన అవసరం లేదనుకున్న మనిషి ఎంత ముక్తసరిగా ఆతిథ్యమిస్తాడో అంత ఇచ్చాడు, అంతే.

ఇక్కడ వరస గమనించాలి. ఆమె ఏడ్చి, అత్తరు పూసి, ఆ సేవకు కూలిగా క్షమాపణ సంపాదించుకుందని చాలామంది అనుకుంటారు. కథలోని లెక్క అలా లేదు. షావుకారు ముందు అప్పు వదిలేశాడు. ప్రేమ ఆ తరువాత పుట్టింది. అత్తరు ఆమె కట్టిన వాయిదా సొమ్ము కాదు. చెల్లుచీటీ చేతిలో పడిన మనిషి సంతోషం పట్టలేక చేసిన పని. క్రైస్తవంలో క్షమ, కృతజ్ఞత, ఆరాధన అనే మూడు మెట్లు ఈ వరసలోనే వున్నాయి. సువార్తలు రాసిన గ్రీకు భాషలో ఈ చుట్టరికం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఈ కథలో షావుకారు అప్పు 'వదిలేశాడు' అని చెప్పే క్రియాపదం 'ఖారిస్' అనే మాటకు చుట్టం. ఖారిస్ అంటే కృప. కృతజ్ఞతకు గ్రీకులో మాట 'యూఖరిస్తియా'. అదీ ఆ కుదుటి నుంచి పుట్టినదే. తల్లీ పిల్లలన్నమాట.

మరి చెల్లుచీటీ చేతిలో పడ్డా కృతజ్ఞత పుట్టకపోతే? దానికీ ఒక కథ వుంది, మత్తయి పద్దెనిమిదో అధ్యాయంలో. పేతురు వచ్చి, నా సోదరుడు తప్పు చేస్తే ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అని అడిగాడు. పాపం, తన మటుకు తాను ధారాళంగానే అడిగాననుకున్నాడు. యేసు ఆ సంఖ్యను డెబ్బై ఏళ్ళకు పెంచేశాడు. డెబ్బైని ఏడుతో హెచ్చవేస్తే 490. అన్నిసార్లు గుర్తు పెట్టుకోవాలంటే మళ్ళీ ఒక పద్దు పుస్తకం కావాలి! ఆ పుస్తకాన్నే మూసేయమని ఆయన భావం. అది చెప్పడానికే ఈ కథ.

ఒక రాజుకు ఒక సేవకుడు 10,000 తలాంతులు బాకీ పడ్డాడు. ఒక తలాంతు సుమారు 6,000 దేనారాలు. అంటే మొత్తం ఆరు కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పనిచేసే కూలివాడు రెండు లక్షల ఏళ్ళు కష్టపడితే గాని తీరదు. ఆనాటి గలిలయను ఏలిన హేరోదు అంతిపకు ఏటా వచ్చే ఆదాయం 200 తలాంతులని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. ఆ లెక్కన ఇది ఒక పాలకుడి యాభై ఏళ్ళ ఆదాయం. వినేవాళ్ళు ముక్కున వేలేసుకోవాలనే అంత పెద్ద సంఖ్య చెప్పివుంటాడు. ఆ సేవకుడు సాగిలపడి, కాస్త గడువిస్తే అంతా తీర్చేస్తానన్నాడు. రాజు జాలిపడి గడువివ్వలేదు. మొత్తం అప్పే కొట్టేశాడు.

ఆ సేవకుడు బయటికి వస్తూనే తనకు 100 దేనారాలు బాకీవున్న తోటి సేవకుడి గొంతు పట్టుకున్నాడు. వందంటే తక్కువేమీ కాదు, నాలుగు నెలల జీతం. కాని తనకు పోయిన అప్పులో అది ఆరు లక్షలలో ఒక వంతు. అతనూ అవే మాటలతో గడువడిగాడు. ఇవ్వలేదు, చెరసాలలో పెట్టించాడు.

అంత దయ పొందినవాడు వెంటనే ఇలా ఎందుకు చేశాడు? నాకు తోచేది ఇది. రాజు అప్పు కొట్టేశాడన్న సంగతి అతని చెవిన పడింది గాని మనసున పడలేదు. గడువడిగాడు గనుక గడువే దొరికిందనుకున్నాడు. ఇంకా తీర్చాలనుకునేవాడు వసూళ్ళకే బయలుదేరుతాడు కదా! మన ఇళ్ళలోనూ అంతే. తన మీద ఏ దయా లేదు, వున్నదంతా తన కష్టార్జితమే అనుకునే మనిషి ఇతరుల దగ్గర పైసాతో సహా వసూలు చేస్తాడు. అతన్ని కఠినుడని తిడతాం. నిజానికి అతను పొందిన మేలు తెలియనివాడు. కృతజ్ఞత అనే మాటకు అసలు అర్థమే అది: చేసిన మేలును ఎరిగి వుండటం.

ఇక్కడ లెక్కల మనిషి ఎవరైనా ఒక ప్రశ్న వేస్తాడు. అప్పు కొట్టేస్తే ఆ డబ్బు ఏమైనట్టు? గాలిలో కలిసిపోదు కదా. నోటు మీద చెల్లు రాసినవాడి సొమ్మే పోతుంది. క్షమించడంలో ఒకరు నష్టం భరించక తప్పదు. పరువు పోయినవాడు ఆ పోయిన పరువును దిగమింగుతాడు. మోసపోయినవాడు ఆ నష్టాన్ని తన ఖాతాలో రాసుకుంటాడు. యేసు సిలువ మీద మనుషుల బాకీ అంతా తానే భరించాడని క్రైస్తవుల విశ్వాసం. కొలొస్సయులకు రాసిన లేఖలో ఇందుకు అచ్చంగా ఒక ప్రామిసరీ నోటు పోలిక వుంది. మన చేవ్రాతతో మన మీదే వున్న ఋణపత్రాన్ని దేవుడు కొట్టివేసి సిలువకు మేకు దిగగొట్టాడని ఆ లేఖ చెబుతుంది. ఈ విశ్వాసం వున్నవారూ లేనివారూ కూడా ఒక్క సంగతి ఒప్పుకోవచ్చు. క్షమ ఊరికే వచ్చినట్టు కనిపించినా, ఎక్కడో ఎవరో దాని ధర చెల్లించే వుంటారు.

ఆ ధర తెలిసిన తరువాత మనిషి ఏం చేస్తాడు? పక్కింటి నుంచి గ్లాసెడు పంచదార తెచ్చుకుంటే మర్నాడు తిరిగి ఇస్తాం. పెళ్ళికి చదివించినవారికి వాళ్ళింటి పెళ్ళిలో మనమూ చదివిస్తాం. తీర్చగలిగిన మేలును తీరుస్తాం. తీర్చలేనిదైతే? తల్లి చేసింది ఎవరు తీర్చగలరు? అందుకే పండగ పూట అమ్మకు డబ్బివ్వడంతో సరిపెట్టకుండా వంగి దణ్ణం పెడతాం. తీరే ఋణం ధన్యవాదంతో ముగుస్తుంది; తీరనిది నడుమును వంచుతుంది. ఆరాధన పుట్టే చోటు అదేనని నాకనిపిస్తుంది.

లూకా పదిహేడో అధ్యాయంలోని పదిమంది కుష్ఠరోగుల సంగతి ఇందుకు తార్కాణం. సమరయకూ గలిలయకూ నడిమి దారిలో, దూరంగా నిలబడి, వాళ్ళు కరుణించమని కేకవేశారు. వెళ్ళి యాజకులకు కనిపించండి అన్నాడు యేసు. రోగం నయమైందని తేల్చి ఊళ్ళోకి రానిచ్చే అధికారం యాజకులదే. దారిలో పదిమందికీ నయమైంది. తొమ్మిదిమంది ముందుకు సాగిపోయారు. ఒక్కడు వెనక్కు తిరిగి, గొంతెత్తి దేవుణ్ణి స్తుతిస్తూ వచ్చి ఆయన పాదాల మీద పడ్డాడు. అతను సమరయుడు, యూదులు వెలిగా చూసే జాతివాడు. తక్కిన తొమ్మిదిమంది ఏరని యేసు అడిగాడు.

ఆ తొమ్మిదిమందిని మరీ తిట్టనక్కరలేదు. చెప్పిన పని చెప్పినట్టే చేశారు. పాపం, ఎన్నాళ్ళయిందో భార్యాపిల్లల ముఖం చూసి! వాళ్ళ చూపంతా దొరికిన ఆరోగ్యం మీద వుంది. పదోవాడి చూపు ఇచ్చినవాడి మీదికి మళ్ళింది. వరం మీద నుంచి దాత మీదికి చూపు మళ్ళడమే కృతజ్ఞత ఆరాధనగా మారడం.

క్రైస్తవుల ఆరాధనలో ఈ జాడలు అడుగడుగునా కనిపిస్తాయి. రొట్టె, ద్రాక్షరసాలతో జరిపే వారి ముఖ్య సంస్కారానికి తొలి శతాబ్దాల నుంచీ వున్న పేరు పైన చెప్పిన యూఖరిస్తియాయే, అంటే కృతజ్ఞతార్పణ. మన తెలుగు కథోలికులు దాన్ని దివ్యసత్ప్రసాదం అంటారు. ప్రసాదం అంటే ప్రసన్నత, అనుగ్రహం. ఆ అనువాదం చేసినవారెవరో గాని మాట ఎరిగినవారు. పల్లెల్లో చర్చీలకు కోత పండుగ వుంటుంది. ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు, గుడ్లు ఎవరికి కలిగింది వారు తెచ్చి దేవుడి ముందు పెడతారు. తరువాత వాటిని వేలం వేస్తే, కోడి విలువకు రెండింతలు పాడి కొనేవాళ్ళూ వుంటారు. జబ్బు నయమైనా, బిడ్డ పుట్టినా, కొత్త ఇంట్లో చేరినా ఇరుగుపొరుగుల్ని పిలిచి కృతజ్ఞతకూడిక జరుపుకుంటారు.

అయితే ఆరాధన ఇంత గొప్పదైనా, దాన్ని మధ్యలో ఆపమన్న సందర్భం ఒకటి వుంది. బలిపీఠం దగ్గర కానుక అర్పిస్తుండగా, నీ మీద నీ సోదరుడికి ఏదో కష్టం వుందని గుర్తుకొస్తే, కానుక అక్కడే వదిలి, ముందు వెళ్ళి అతనితో సమాధానపడి రమ్మని యేసు చెప్పినట్టు మత్తయి అయిదో అధ్యాయంలో వుంది. విన్నవారిలో చాలామంది గలిలయవాళ్ళు, బలిపీఠం యెరూషలేములో. నడిచి మూడు నాలుగు రోజుల దారి. అంత దూరం వచ్చినవాణ్ణి మళ్ళీ ఊరికి పొమ్మన్నట్టు! ఇంకొక విశేషం: అక్కడ చెప్పింది మనకు ఇతరుల మీద వున్న కోపం గురించి కాదు, ఇతరులకు మన మీద వున్న కష్టం గురించి. మన రెండో పుస్తకంలో ఎన్నడూ రాసుకోని పేజీ అదే.

ఇదంతా పాతకాలపు కథలలో బాగానే వుంటుంది, మన రోజుల్లో ఎవరు చేస్తారని అడగవచ్చు. కుష్ఠరోగుల మాట వచ్చింది గనుక ఒరిస్సాలోని బరిపద సంగతి చెప్పాలి. గ్రహాం స్టెయిన్స్ అనే ఆయన ఆస్ట్రేలియా నుంచి 1965లో వచ్చి, అక్కడి కుష్ఠరోగుల ఆశ్రమంలో పనిచేశాడు. 1999 జనవరి 22 రాత్రి, తెల్లవారితే 23 అనగా, కెంఝర్ జిల్లా మనోహర్‌పూర్ గ్రామంలో, జీపులాంటి బండిలో నిద్రపోతున్న ఆయన్నీ, ఆయన ఇద్దరు కొడుకులనూ ఒక మూక సజీవంగా తగలబెట్టింది. పెద్దవాడు ఫిలిప్‌కు పదేళ్ళు, చిన్నవాడు తిమోతికి ఆరేళ్ళు. దేశమంతా సిగ్గుతో తల వంచుకుంది. ఆయన భార్య గ్లాడిస్ తాను హంతకులను క్షమించాననీ, తన మనసులో ద్వేషం లేదనీ చెప్పింది. అంత్యక్రియలనాడు తల్లీ కూతురూ నిలబడి స్తుతిగీతం పాడారు. ఆ తరువాత కూడా ఆమె వెంటనే వెళ్ళిపోలేదు. 2004 దాకా అక్కడే వుండి ఆ రోగుల సేవ సాగించింది. 2005లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది.

ఆ పాటను తలుచుకుంటే మనసు నిలవదు. ఆ దుఃఖంలో స్తుతి ఎక్కడ నుంచి వచ్చింది? జరిగిన దానికి ఆమె కృతజ్ఞత చెప్పివుంటుందని ఎవరూ అనుకోరు. అంత ఘోరానికి కృతజ్ఞత చెప్పమని ఏ దేవుడూ అడగడు. అంతకుముందే తనకు అందినదాన్ని ఆమె ఎరిగివుంది. ఆ ఎరుక నిప్పుకు కూడా కాలలేదు.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. ఆమె క్షమించినందువల్ల చట్టం తన పని మానుకోలేదు. విచారణ జరిగింది, 2003లో ముఖ్య నిందితుడికి మరణశిక్ష పడింది, 2005లో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు ఆ యావజ్జీవాన్ని ఖాయం చేసింది. క్షమించడమంటే తప్పును ఒప్పనడం కాదు. తాగి వచ్చి కొట్టే మొగుడి దగ్గరికి ఆడపిల్లను తిరిగి పంపిస్తూ, క్షమించి కాపురం చేసుకో తల్లీ అని చెప్పే పెద్దలు క్షమ పేరు చెప్పి తమ పరువు కాపాడుకుంటున్నారు, అంతే. ఆ పిల్ల మనసులో పగ వదులుకోవచ్చు. అది ఆమె ఇష్టం, ఆమెకు తీరిక చిక్కినప్పటి మాట. దెబ్బల నుంచి తప్పించడం మాత్రం ఈ పూట పని. క్షమను అడిగి పుచ్చుకోవచ్చు గాని, దబాయించి వసూలు చేయడానికి వీల్లేదు. వసూలు చేస్తే అదీ మరో బాకీయే అవుతుంది.

అంత పెద్ద గాయాలు ఏ కొద్దిమందికో తగులుతాయి. మనలో చాలామంది పుస్తకాలలో వున్నవి చెంబెడు నీళ్ళ బాకీలే. వాటిని కొట్టేయమంటే చెయ్యి రాదు, నిజమే. బలవంతాన క్షమించబోతే అది నాలుగు రోజులు కూడా నిలవదు. అందుకని మొదట అవతలి పేజీ రాయడం మొదలుపెట్టమని నా సలహా. మన తప్పు తెలిసీ పదిమందిలో బయటపెట్టని మేష్టారు, మనం విసుక్కున్నా వేళకు అన్నం పెట్టిన పెద్దవదిన, అసలు కూడా అడగకుండా అప్పు మరిచిపోయిన స్నేహితుడు - ఎవరెవరు మనకు ఏమేం వదిలేశారో రాసుకుంటూ పోవాలి. దేవుణ్ణి నమ్మేవారు ఆయన పేరు మీద ఒక పేజీ అట్టేపెట్టుకోవాలి. అది తొందరగానే నిండుతుంది. అప్పుడు ఆ చెంబెడు నీళ్ళ పద్దు దగ్గరికి మళ్ళీ వస్తే, అది అంత పెద్దదిగా కనిపించకపోవచ్చు.

రేపు ఆదివారం. క్రైస్తవులైన చదువరులు గుడికి వెళతారు. తక్కినవారికి ఇంటి దేవుడి దగ్గర దీపం ఎలాగూ వుంది. దానికి ముందు ఒక్క ఉత్తరం ముక్కో, ఫోనో - ఎవరికి చేయాలో నేను చెప్పనక్కరలేదు. మీ రెండో పుస్తకం మీ దగ్గరే వుంది.